తెర మీది తొలి ముద్ర

హైదరాబాదు నగరమున ఆబిడ్స్ కూడలి నుండి ఫతే మైదానము దెసకు సాగు దారిలో నిత్యము వేలకొలది జనులు గన్‌ఫౌండ్రీ అను పేరును ఉచ్చరించుచునే యుందురు. బస్సు కండక్టరు పిలుపులోను, ఆటోవానితో ఆడు బేరములోను, బ్యాంకు చిరునామాలోను అరిగి నునుపెక్కిన ఆ పేరు వెనుక నిజముగా ఒక పోతశాల కలదనియు, రెండవ అసఫ్ జాహ్ నిజాం అలీ ఖాన్ కొలువున సేనానియై వెలసిన ఫ్రెంచి దేశీయుడు మిషెల్ జోకిమ్ మారీ రేమాన్ దానిని 1786లో కట్టించి యచట ఫిరంగులు పోయించెననియు, మూసారాంబాగ్ అను పేటకు పేరు వచ్చినదియు ఆ రేమాన్ వలననే యనియు తలచుకొనువారు తక్కువ. ఉర్దూ మాటలాడు పాతబస్తీవారు దానిని ‘తోప్ కా సాంచా’ అందురు. ఫిరంగి మూస యని దాని యర్థము. ఆ మూసల శిథిలములకు కూతవేటు దూరముననే, ఇరువదవ శతాబ్దములో, ప్యాలెస్, జమరుద్ మహల్, సాగర్, సంతోష్, సప్న, రామకృష్ణ 70 ఎం.ఎం. మొదలైన చలనచిత్రశాలలు వరుసగా వెలసి, వానిలో కొన్ని మూతపడియు పోయినవి.

ఈ రెంటికిని నడుమ నొక సామ్యము కలదు. ఈ వ్యాసమున చెప్పదలచినదంతయు దానియందే మొలకెత్తినది. పోతశాలలో నమూనా యొక్కటి, దాని నుండి వెలువడు ఫిరంగులు అనేకము. చలనచిత్రమునందు నెగటివు ఒక్కటి, దాని నుండి వెలువడు ప్రింట్లు అనేకము. అయితే పోతపోసిన వస్తువు చేతికి చిక్కిన నేర్పరి దాని మీద మన్ను మెత్తి మరియొక మూసను తీయగలడు. అటులనే ప్రింటు చేతికి చిక్కినవాడు దాని నుండి మరియొక నెగటివును తీసి, తన యిష్టము వచ్చినన్ని ప్రతులు అచ్చువేసి అమ్ముకొనగలడు. చలనచిత్రము పుట్టిన పదేండ్లలోపుననే ఈ దొంగతనము అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపులను విజృంభించినది. నేడు బొమ్మ మొదలగుటకు ముందు తెర మీద తళుక్కుమని మెరసి, రెక్క విప్పి, వెలుగు చిమ్మి, మనలను కుర్చీలో సర్దుకొని కూర్చుండునట్లు చేయు ఎంబ్లమ్ అనునది ఆ దొంగతనమునకు విరుగుడుగా పుట్టినదే గాని అలంకారముగా పుట్టినది కాదు.

పారిస్ నగరమున ఇంద్రజాలికుడై, తరువాత చిత్రనిర్మాతయైన జార్జి మెలియెస్ 1902లో తీసిన చంద్రలోక యాత్రా చిత్రమును అమెరికాలో పలువురు దొంగ ప్రతులు తీసి సొమ్ము చేసికొనిరి. ఫిలడెల్ఫియాలో సీగ్మండ్ లూబిన్ అను వ్యాపారి యీ పనియందు ఆరితేరినవాడు. దీనిని అరికట్టుటకై మెలియెస్ 1903లో తన సోదరుని న్యూయార్కు నగరమునకు పంపి యచట కార్యాలయము తెరపించుటయే గాక, తన ‘స్టార్ ఫిల్మ్’ నక్షత్ర చిహ్నమును చిత్రముల రంగాలంకరణలోనే చేర్పించెను. దొంగలును ఊరకుండలేదు, లూబిన్ వద్ద పనిచేసిన ఫ్రెడ్ బాల్షోఫర్ అనునతడు తరువాత కాలమున తన జ్ఞాపకములను వ్రాయుచు, మెలియెస్ ముద్రను మరుగుపరచుటయే అచట తన పనులలో నొకటిగా నుండెనని చెప్పియున్నాడు. ఒక్క సెకనునకు పదునారు బొమ్మల చొప్పున నడచు ఫిల్ములో, ప్రతి బొమ్మ మీదను ఆ చిన్న నక్షత్రమును కప్పుచు పోవుట యెంత విసుగైన శ్రమయో ఊహించుడు. దొంగ శ్రమ పెరిగినకొలది దొంగ లాభము తరుగును. ముద్రలోని సూత్రమంతయు ఇదియే.

ఈ సూత్రమును మెలియెస్ కంటె ధీమాగా ప్రయోగించినవారు పాతే సోదరులు. 1896లో స్థాపితమై కొలదికాలములోనే ప్రపంచమున కెల్ల అతి పెద్ద చిత్ర వ్యాపార సంస్థగా ఎదిగిన పాతే వారు ఫ్రాన్సు దేశమునకు ప్రతీకయైన కోడిపుంజును తమ ముద్రగా గ్రహించి, రాజభవన దృశ్యమైనను, పల్లెటింటి వంటగది యైనను, గోడ మీదనో స్తంభము మొదటనో ఆ కోడి బొమ్మను నిలుపుచుండిరి. కథతో నిమిత్తము లేకుండ ప్రతి యింట నొక కోడి! నేటి ప్రేక్షకునకు ఇది వింతగా తోచును గాని, ఆనాటి చిత్రములను గుర్తించి వరుసపెట్టు చిత్ర భాండాగార నిపుణులకు ఈ కోడి యొక్క ఉపకారము ఇంతింత యనరానిది. తలయు తోకయు తెగిపోయి, పేరు తెలియక దొరికిన ఫిల్ము ముక్కలో అది కనబడినచో, మొదటి ప్రశ్నకు సమాధానము దొరికినట్లే.

పాతే వారికి ప్రత్యర్థియై 1895లోనే వెలసిన మరియొక సంస్థ లెయోన్ గోమాన్ అనువానిది. ఆయన తన పేరులోని తొలి యక్షరములను ముద్రగా వాడెను. పిదప తన తల్లి మార్గరీత్ పేరు గల తెల్లని చేమంతి జాతి పువ్వును ముద్రగా గ్రహించెను. ఆ పువ్వు నూరేండ్లు దాటియు, తరతరమునకు రూపు మార్చుకొనుచు, నేటికిని ఆ సంస్థ చిత్రములకు ముందు వికసించుచునే యున్నది.

ఈ గోమాన్ సంస్థకును తెలుగువారికిని గల సంబంధము మన చలనచిత్ర చరిత్రకు పునాది వంటిది. మచిలీపట్నమున 1869లో జన్మించి, మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకొనుచుండిన రఘుపతి వెంకయ్య, గోమాన్ వారు తయారుచేసిన క్రోనో మెగాఫోన్ అను యంత్రము మద్రాసులో అమ్మకమునకు వచ్చినదని విని, తన స్టూడియోను తాకట్టు పెట్టి, 30,000 రూపాయలకు దానిని కొనెనని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ కాలపు 30,000 రూపాయలు! ఒక బొమ్మల యంత్రము కొరకు బ్రతుకుతెరువునే పణముగా ఒడ్డిన ఆ సాహసమును తలచుకొనినపుడెల్ల నాకు గౌరవముతో తల వంగును. అచటి విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనము లిచ్చి, పిమ్మట ఆ యంత్రముతో ఆయన బెంగుళూరు, విజయవాడ, హైదరాబాదు నగరములకును, సింహళమునకును, బర్మాకును పోయెను. ఆయన చూపిన చిన్న చిత్రములలో ‘రాజుగారి పేటిక’ యొకటి యని చెప్పుదురు; 1906లో వచ్చిన ఆ పేరిటి చిత్రము పాతే వారిదే. కావున తెలుగు ప్రేక్షకుడు చూచిన మొదటి కంపెనీ ముద్రలలో ఆ ఫ్రెంచి కోడిపుంజు ఒకటి యై యుండవచ్చును.

క్రోనో మెగాఫోనులోని నేర్పు శబ్దమును చిత్రముతో జతగూర్చుటయందున్నది. చిత్రమును చూపు ప్రొజెక్టరును, ధ్వనిముద్రికను త్రిప్పు గ్రామఫోనును విద్యుత్ తీగల ద్వారా ముడివేసి, రెంటిని ఒకే వేగమున నడుపుచు, ఏది వెనుకబడినను సరిదిద్దుటకు ఆపరేటరు చేతిలో ఒక మీట నుంచిరి. నాడు శబ్దమును పెంచుటకు వాల్వు ఆంప్లిఫయరులు లేవు గనుక, గోమాన్ వారు సంపీడిత వాయువును ఆశ్రయించిరి. గ్రామఫోను సూది కంపించినపుడు ఆ కంపము చిన్న కవాటమును తెరచుచు మూయుచు నుండగా, దాని గుండా వెడలు గాలి ఆ లయలోనే కొట్టుకొని, పెద్ద కొమ్ముల నుండి హాలంతయు నిండు శబ్దమై వెలువడెడిది. 1932లో ‘భక్త ప్రహ్లాద’ తెలుగున మాటలాడుటకు ఇరువది యేండ్లకు ముందే, పాడుచు ఆడు బొమ్మలను వెంకయ్య మన ఊళ్లలో చూపియుండెను.

ఇక ముద్ర కదలుట యెట్లు సంభవించినది? గోడకు తగిలించిన కోడి కదలదు. దానిని కదలించుటకు మరియొక విద్య కావలసి వచ్చినది. ఆ విద్య తొలినాళ్ల నెలవులలో గోమాన్ సంస్థయు నొకటి. వ్యంగ్య చిత్రకారుడైన ఎమీల్ కోల్ 1908 ఆగస్టులో ఆ సంస్థ పక్షమున విడుదల చేసిన ‘ఫాంటాస్మగోరీ’ అను చిత్రమున సుమారు 700 గీతచిత్రములు కలవు. క్రింద దీపము వెలుగు గాజుపలక మీద ఒక కాగితముంచి బొమ్మ గీచి, దానిపై మరియొక కాగితమును పరచి, క్రింది గీతలను ఆధారముగా గైకొని రవంత భేదముతో మరల గీచి, ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు ఫోటో తీసి, ఆయన ఆ చిత్రమును కూర్చెను. తెల్లని కాగితము మీది నల్లని గీతలను నెగటివుగానే అచ్చు వేయుటచేత, బడిపిల్లవాడు నల్లబల్ల మీద సుద్దతో గీచినట్లు అవి కనబడినవి. రెండు నిమిషములైనను నిండని ఆ చిత్రములో ఏనుగు ఇల్లగును, సీసా పువ్వగును, మనిషి గీతలుగా విడిపోయి మరల మనిషి యగును. ఎంబ్లమ్ చిత్రించు కళాకారులందరును ఈనాటికిని చేయుచున్న రూపాంతరక్రీడ యంతయు ఆ 700 కాగితములలోనే యున్నది.

కదలని బొమ్మలు కదలుచున్నట్లు కన్ను నమ్ముటకు కారణమేమి? పాఠ్యపుస్తకములలో చిరకాలముగా చెప్పబడుచున్న సమాధానము దృష్టిస్థాపకత. అనగా చూచిన బింబము తొలగిన పిమ్మట గూడ కొంచెము సేపు కంటిలో నిలుచుట. కాని ఇది సగమే నిజము. బింబము కంటిలో నిలుచుటయే జరిగినచో, వెనుకటి బొమ్మ మీద ముందరి బొమ్మ పడి, రెండును కలిసిపోయి మసకగా కనబడవలెనే గాని కదలిక పుట్టరాదు. 1912లో మాక్స్ వెర్తైమర్ అను జర్మను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు రెండు గీతలను ఒకదాని తరువాత ఒకటిగా వెలిగించి పరీక్షించెను. నడుమ వ్యవధి సుమారు 30 మిల్లీసెకండ్లయినచో రెండును ఒకేసారి వెలిగినట్లును, 200 మిల్లీసెకండ్లయినచో ఒకటి ఆరి ఒకటి వెలిగినట్లును, దాదాపు 60 మిల్లీసెకండ్లయినచో ఒకే గీత ఇచటి నుండి అచటికి జరిగినట్లును చూచువారికి తోచినది. కాబట్టి కదలికను అల్లునది కన్ను గాక మెదడు. లేని నడిమి దారిని అది పూరించుకొనును. సెకనునకు 24 బొమ్మల చొప్పున నడచు చలనచిత్రములో ఒక బొమ్మకును మరియొక బొమ్మకును నడుమ వ్యవధి సుమారు 42 మిల్లీసెకండ్లు. దృష్టిస్థాపకత వలని మేలు వేరు: వెలుగు చీకట్లు వడివడిగా మారునపుడు రెపరెప తెలియకుండుట. దానికొరకు ప్రొజెక్టరులోని షట్టరునకు రెండు రెక్కలు పెట్టి, ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు తెరపై వెలిగింతురు. 24 బొమ్మలు 48 మెరుపులగును.

ఈ లెక్కను ఎంబ్లమ్‌నకు అన్వయించి చూతము. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగునకు 16 బొమ్మలు. సెకనునకు ఒకటిన్నర అడుగు కదలును. పది సెకండ్ల ఎంబ్లమ్ అనగా 15 అడుగుల ఫిల్ము, 240 బొమ్మలు. మాటలు లేవు, నటులు లేరు, కథ లేదు. ఉన్నది కదలిక యొక్కటే. మూడు గంటల చిత్రములో కదలిక కథకు సేవకురాలై నడచును. ఈ పదునైదడుగులలో అదియే రాణి. చలనచిత్ర విజ్ఞానమును విద్యార్థులకు బోధింపదలచినవారు పెద్ద చిత్రములను విడిచి, వీనినే బొమ్మ బొమ్మగా పరీక్షింపజేసినచో మేలని నా దృఢమైన అభిప్రాయము.

ఫిల్ము కాలమున వీనిని తీయు బల్ల యొకటి యుండెడిది. కెమెరా పైన నిలువు స్తంభమునకు తగిలింపబడి నేల వైపు చూచుచుండెడిది. క్రింద బల్ల మీద బొమ్మ పరుపబడెడిది. కెమెరాను పైకి క్రిందికిని, బల్లను నాలుగు దిక్కులకును వెంట్రుకవాసి కొలతలతో జరుపగలిగెడివారు. ఒక బొమ్మ తీసి, జరిపి, మరియొక బొమ్మ తీసెడివారు. దూరము నుండి అక్షరములు మన మీదికి దూసికొని వచ్చునట్లు చూపవలెనన్నచో, ప్రతి బొమ్మకును అక్షరమును సమానముగా పెంచుచు పోయిన చాలదు. వస్తువు మన నుండి ఎంత దూరమున నున్నదో దానికి విలోమముగా బింబము పరిమాణముండును. దూరము సగమైనపుడు బింబము రెట్టింపగును. ఎనిమిది గజముల నుండి నాలుగు గజములకు వచ్చినపుడు రెట్టించిన బింబము రెండు గజములకు వచ్చినపుడు మరల రెట్టించును, ఒక గజమునకు వచ్చినపుడు మరల రెట్టించును. కావున మొదట నత్తనడకగాను, తుదకు పిడుగువలెను పెరుగు బింబమునే మెదడు ‘నిలకడ వేగముతో వచ్చుచున్నది’ యని గ్రహించును. సమానముగా పెంచినచో అదియే అక్షరము వచ్చి వచ్చి నీరసించినట్లు కనబడును. మంచి ఎంబ్లమ్‌నకును పేలవమైన దానికిని గల భేదము పలుమారులీ లెక్కలోనే యుండును.

పాత ఎంబ్లములలో నేపథ్యము నల్లగా నుండుటకు గూడ భౌతికమైన కారణము కలదు. నలుపు అనగా ఫిల్ముపై వెలుగు పడకపోవుట. వెలుగు పడని చోట ఫిల్ము ఇంకను తాజాగానే యుండును గనుక, దానినే వెనుకకు చుట్టి, మరల కెమెరాలో నడిపి, వేరొక వెలుగును దాని మీద చేర్పవచ్చును. ఒకసారి అక్షరములు, రెండవసారి వాని చుట్టును కాంతి, మూడవసారి నక్షత్రములు. ఇట్లు పలు పొరలు ఒకే ఫిల్ముపై చేరును. షట్టరు తెరచియుండగానే కెమెరాను బొమ్మ మీదికి జరిపినచో, బొమ్మలోని ప్రతి వెలుగు బిందువును ఒక గీతగా సాగి, కెమెరా చూపుల నడిమి బిందువు నుండి నలుదిక్కులకు చిమ్మిన కిరణములు పుట్టును. అక్షరముల వెనుక నుండి వెలుగు దారలు విరజిమ్ము నెన్నో ముద్రల రహస్యమిదియే. దీనికే సన్నని చీలికను జోడించి డగ్లస్ ట్రంబుల్ 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చిత్రములో కాంతి సొరంగమును సృష్టించెను.

ఫ్రాన్సులో ఈ దీర్ఘ షట్టరు విద్యను శాస్త్రముగా పెంచినవాడు రష్యాలో పుట్టి పారిస్ నగరమున స్థిరపడిన అలెగ్జాండర్ అలెక్సేయెఫ్. ఆయనయు, ఆయన భార్య క్లేర్ పార్కరును లక్షలకొలది సూదులు గ్రుచ్చిన పలకను ప్రక్క నుండి వెలిగించి, సూదుల నీడల ఎక్కువ తక్కువలతోనే బొమ్మలు పుట్టించి, 1933లో ఒక అపూర్వ చిత్రము తీసిరి. పిమ్మట 1950 ప్రాంతమున, లోలకమునకు మెరయు వస్తువును వ్రేలాడదీసి, అది ఊగునంతసేపు షట్టరును తెరచియుంచి, లోకములో లేని ఘనరూపములను ఒక్కొక్క ఫిల్ము బొమ్మలో నిర్మించు పద్ధతిని వారు కనిపెట్టిరి. 1957లో కొసినోర్ అను ఫ్రెంచి చిత్ర పంపిణీ సంస్థకు కదలు ముద్రను చేసి యిచ్చినవారును ఈ దంపతులే. పంపిణీదారుడు డబ్బాల లెక్కలు చూచుకొను వ్యాపారి మాత్రమే యని తలచువారు, ఆ వ్యాపారి తన పేరును తెరపై కొన్ని సెకండ్లు చూపుటకు ఆ కాలపు మహాకళాకారులను వెదకుకొని పోయెనను సంగతిని గమనింపవలెను.

మన దేశమున ఈ సంప్రదాయము మరియొక రుచితో పండినది. తెలుగు ప్రింటు మొదలగునపుడు మొదట సెన్సారు వారి ధ్రువపత్రము, పిమ్మట పంపిణీదారుల పేరు, ఆ పిమ్మట నిర్మాణ సంస్థ ఎంబ్లమ్ వచ్చుట చిరకాలపు వాడుక. ఆంధ్ర, సీడెడ్, నైజాం అని వ్యాపారులు పంచుకొనిన మూడు ప్రాంతములలో నైజాం ప్రాంతపు ప్రింట్లన్నియు హైదరాబాదు సికిందరాబాదు కార్యాలయముల గుండా సాగెడివి. పెట్టె వచ్చెనా లేదా యను కబురు కొరకు ఆబిడ్స్ హాళ్లవారు శుక్రవారపు ఉదయమున ఎదురుచూచుట ఆ వ్యాపారములోని వారందరికి తెలిసినదే. బొంబాయి, మద్రాసు నగరములలో పుట్టిన ఎంబ్లములు ఈ వీథిలోని తెరల మీద ఒకదాని వెంట నొకటి వెలిగినవి. జెమినీ వారి కవలపిల్లలు బాకాలు ఊదుదురు. సురేష్ ప్రొడక్షన్స్ ముద్రలో ఆంగ్లాక్షరములు రెంటిపై ఇద్దరు బాలురు నిలుతురు. వారు నిర్మాత రామానాయుడు గారి కుమారులే. ఏ.వీ.ఎం. వారి చిన్న స్వరము వినినంతనే కన్నులు మూసికొనియున్నవాడును ఎవరి చిత్రమో చెప్పగలడు.

అన్నింటిలోను విజయా వారి జెండా నాకు మిక్కిలి ప్రియమైనది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు స్థాపించిన ఆ సంస్థ ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ వంటి చిత్రములకు ముందు ఆంజనేయుని బొమ్మ గల పతాకమును ఎగురవేసెను. విజయుడు అర్జునుడు గదా; ఆయన రథము మీది ధ్వజమున నుండునది కపిరాజు. మహాభారతము విని పెరిగిన ప్రేక్షకునకు ఎవ్వరును విప్పి చెప్పనవసరము లేకుండ ఆ ముద్ర బోధపడినది. పరదేశమున దొంగలను బెదిరించుటకు పుట్టిన గుర్తు ఇచట మంగళాచరణమై, నాటకమునకు ముందరి నాందివలె నిలిచినది.

ఆ జెండా ఎగురుటలో ఎంత శాస్త్రమున్నదో చూడుడు. గుడ్డకు ఇరువైపులను గాలి పారుచుండగా, ఎచటనైన రవంత ఉబ్బు కలిగినచో, ఉబ్బిన వైపున గాలి వడి పెరిగి ఒత్తిడి తగ్గును, రెండవ వైపున ఒత్తిడి పెరుగును. అందుచే ఉబ్బు ఇంకను ఉబ్బును. గుడ్డ బిగువు దానిని వెనుకకు లాగును. గాలి వేగము ఒక మేర దాటువరకు బిగువే గెలుచును, జెండా నిటారుగా నిలుచును. దాటినంతనే అల పుట్టి, కర్ర నుండి అంచు వరకు పరుగెత్తును. గాలి తెరపి యిచ్చినపుడు గుడ్డ తన బరువుచే వాలును. ఇచట కెమెరామన్‌నకు నొక చిక్కు కలదు. ఏ వస్తువైనను క్రిందికి పడుటకు పట్టు కాలము ఎత్తు యొక్క వర్గమూలమును అనుసరించును గనుక, చిన్న జెండా చిటుక్కున వాలును, పెద్ద జెండా గంభీరముగా వాలును. చిన్నదానిని పెద్దదిగా నమ్మింపవలెనన్నచో కెమెరాను వడిగా నడిపి, మామూలు వేగమున చూపవలెను. నాలుగవ వంతు నమూనాకు సెకనునకు 48 బొమ్మలు, తొమ్మిదవ వంతు నమూనాకు 72 బొమ్మలు తీయవలెనని లెక్క. పౌరాణిక చిత్రములలో కూలు కోటలకును, మునుగు ఓడలకును ఇదియే సూత్రము.

శబ్దము సంగతి కొంచెమే చెప్పెదను. ఫిల్ము అంచున శబ్దమును వెలుగు గీతగా ముద్రింతురు. బొమ్మ ద్వారము వద్ద ఫిల్ము ఆగి ఆగి నడచును. శబ్దమును చదువు చోట అది నదివలె నిలకడగా పారవలెను. ఈ రెండును ఒకే చోట పొసగవు గనుక, శబ్దమును దాని బొమ్మకంటె దాదాపు 20 బొమ్మల ముందుగా అచ్చు వేయుదురు. రీలు మొదట ఫిల్ము తెగి, ఆపరేటరు నాలుగు బొమ్మలు కత్తిరించి అతికినచో, ఆ అతుకు వద్ద బొమ్మ ఒకచోట ఎగురును, స్వరము మరియొకచోట తెగును. పాత ప్రింట్లలో ఎంబ్లమ్ సంగీతము గతుకులతో వినబడుటకు ఇది యొక కారణము.

టెలివిజన్ వచ్చిన పిమ్మట ముద్ర గృహప్రవేశము చేసెను. ఫ్రాన్సులో 1975లో ఆంతెన్ 2 అను ఛానలు తన కార్యక్రమముల ఆరంభమునకును ముగింపునకును బెల్జియము కళాకారుడు ఝాన్-మిషెల్ ఫోలోన్ చేత లేతరంగుల ఆకాశములో మెల్లగా ఎగురు మనుషులను చిత్రింపించినది. మన దేశమున దూరదర్శన్ ముద్ర అదే దశాబ్దపు సంతానము. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో విద్యార్థియైన దేవాశీష్ భట్టాచార్య గీచిన చిహ్నమును ఆర్.ఎల్. మిస్త్రీ అనునతడు కెమెరా క్రింద ప్రతులు ప్రతులుగా తీసి త్రిప్పుచు, ఛాయారేఖలు పరస్పరము చుట్టుకొని, తుదకు కన్నుగా కుదురుకొనునట్లు కూర్చెను. కంప్యూటరు లేదు, ఒకదాని మీద నొకటి పడు ఫోటోలే ఆ సుడికి ఆధారము. పండిత రవిశంకరును షెహనాయి విద్వాంసుడు అలీ అహ్మద్ హుసేన్ ఖానును కూర్చిన స్వరముతో ఆ కన్ను 1977 అక్టోబరు నుండి హైదరాబాదు కేంద్రపు ప్రసారములలోను తెరుచుకొనెను. సాయంకాలము ఆ స్వరము కొరకు ఇరుగుపొరుగువారి వసారాలలో చేరిన పిల్లలు ఆంధ్రదేశమంతటను ఉండిరి.

ఇంత శ్రమతో పుట్టిన ఈ చిన్న కళాఖండములే ముందుగా నశించుట విచారకరము. రీలు యొక్క తల భాగమునే ఆపరేటరు ప్రతి ఆటకును యంత్రములోనికి ఎక్కించెడివాడు. నేలకు తగులునదియు, వ్రేలిముద్రలు పడునదియు, గీతలు పడునదియు, తెగినపుడు కత్తెర పాలగునదియు అదియే. సెల్యులోస్ నైట్రేట్ కాలపు ఫిల్ము అగ్నికిని, తరువాతి అసిటేట్ ఫిల్ము పుల్లని వాసన వేయుచు ముడుచుకొనిపోవు రోగమునకును లోబడును. చుట్టలో వెలుపలి పొరయై యున్నవానికి గాలి, తేమ ముందుగా తగులును. పైగా నేడు టీవీలోను అంతర్జాలములోను చూపు ప్రతులలో పంపిణీదారుల ముద్రలను పలుమారులు కత్తిరించి వేయుచున్నారు. కథ చెడలేదు గదా యని వారి సమాధానము. కాని ఏ ప్రింటు ఏ ప్రాంతమున తిరిగినది, ఏ యేట మరల విడుదలయైనది, ఎవరి చేతుల గుండా నడచినది యను చరిత్రమంతయు ఆ పదునైదడుగులలోనే యుండును. వెంకయ్య కుమారుడు ప్రకాశ్ 1921లో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ నుండి మూకీ యుగపు తెలుగువారి కృషి యంతయు దాదాపు చేజారిపోయినది. మిగిలిన టాకీల తలభాగములనైనను కాచుకొనవలెను.

పాత హాళ్ల గిడ్డంగులలో నేటికిని డబ్బాలు దొరకుచునే యున్నవి. అట్టివి దొరకినవారు వానిని ఎండలో తెరచి, చేతితో లాగి చూడరాదు. నూలు చేతితొడుగులు ధరించి, చదునైన బల్ల మీద, చుట్టను మెల్లగా విప్పుచు, మొదటి పదునైదడుగులను వెలుగునకు ఎదురుగా పట్టి, ప్రతి అతుకును, అంచున అచ్చైన ప్రతి యక్షరమును, ముద్ర తొలి బొమ్మయు తుది బొమ్మయు ఎచట నున్నవో పుస్తకమున వ్రాసికొని, పిమ్మట పొడిగాను చల్లగాను నుండు చోట డబ్బాను నిలువుగా గాక పడుకోబెట్టి యుంచి, పూణేలోని జాతీయ ఫిల్ము భాండాగారము వారికి కబురు పంపవలెను.